ఘాట్‌లో తిరిగే పికప్‌కి ఏటీ టైర్లా, హెచ్‌టీ టైర్లా? ఒక్క ఏడాదిలో మూడు సెట్లు మారిన కేసు

టైర్లు, వీల్ అలైన్‌మెంట్ పనిలో నాకు ఇరవై రెండేళ్ళ అనుభవం. షాపు అనకాపల్లి వైపు మైదానంలో ఉంది కానీ, మా దగ్గరికి వచ్చే బళ్ళలో సగం కొండ ఎక్కి దిగేవే. ఏటీ అంటే ఆల్ టెర్రెయిన్, రోడ్డుకీ మట్టికీ రాళ్ళకీ పనికొచ్చేలా చేసిన టైరు. హెచ్‌టీ అంటే హైవే టెర్రెయిన్, ముఖ్యంగా తారు రోడ్డు కోసం చేసింది. ఈ కేసు రాసిపెట్టడానికి ముఖ్య కారణం, ఇందులో ఒక తప్పు నాది కావడం. చాలా నమ్మకంగా వేసిన లెక్కలో జరిగిన తప్పు అది. అదే లెక్క వేసుకుని టైర్లు కొనేవాళ్ళని వారానికి ఇద్దరు ముగ్గురిని చూస్తుంటాను కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. బండి యజమానిని అడిగే రాస్తున్నాను. ఆయన పేరు, డ్రైవరు పేరు, ఊళ్ళ పేర్లు, బండి కంపెనీ మాత్రం తీసేశాను.

బండి, దారి

యజమానికి నలభై ఏళ్ళుంటాయి. పాడేరు, చింతపల్లి వైపు సంతల్లో పసుపు, అల్లం, మిరియాలు, కాఫీ కొని కిందికి తెచ్చి అమ్ముతాడు. బండి డబుల్ క్యాబిన్ డీజిల్ పికప్. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది, అవసరమైనప్పుడు మాత్రమే వేసుకునే రకం. కంపెనీ ఇచ్చిన టైరు సైజు 245/70 ఆర్16 (వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 16 అంగుళాలు), లోడ్ ఇండెక్స్ 111. అంటే తగినంత గాలి ఉంటే ఒక్కో టైరు 1090 కిలోల వరకు మోస్తుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఈ బండి ఖాళీగా కొండ ఎక్కుతుంది, లోడుతో దిగుతుంది. అంటే బ్రేకుల మీద, టైర్ల మీద ఎక్కువ భారం పడేది కిందికి దిగేటప్పుడే, అదీ వంపుల్లో.

దారి గురించి కూడా కొంచెం చెప్పాలి. మన తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాల రాళ్ళు. ఒకటి ఖొండలైట్. ఇది ఎండకీ వానకీ శిథిలమై ఎర్రమట్టి అవుతుంది. వాన పడితే ఆ మట్టి జిగురులా పట్టుకుంటుంది, ఎండితే పొడిలా లేస్తుంది. రెండోది చార్నోకైట్, మనవాళ్ళు నల్లరాయి అనేది. చాలా గట్టిది. రోడ్డు పనుల కోసం పేల్చి పగలగొడితే దాని ముక్కల అంచులు కొత్తగా సానపట్టిన కత్తిలా ఉంటాయి. రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వెళ్ళే 516ఈ జాతీయ రహదారి పనులు ఆ రోజుల్లో ముక్కలు ముక్కలుగా జరుగుతున్నాయి. ఒకే ట్రిప్పులో ఈ బండి టైరు జిగురు మట్టిలోనూ నడిచేది, కత్తి రాళ్ళ మీదా నడిచేది, ఘాట్‌లో తడి తారు మీదా నడిచేది. ఈ మూడు చోట్లా టైరు నుంచి మనకి కావలసింది ఒకటి కాదు.

ఏ ఇబ్బందితో వచ్చారు

2023 జూన్ చివర్లో వచ్చారు. టైర్ల గురించి కాదు, బ్రేకులు చూడమని. అప్పటికే ఒక గ్యారేజీలో బ్రేక్ ప్యాడ్లు మార్పించుకుని వచ్చారు. డ్రైవరు చెప్పిన మాట నా పుస్తకంలో అలాగే రాసుకున్నాను: "వాన పడితే ఘాట్‌లో బండి తేలిపోతందండి. బ్రేకు తొక్కితే కాసేపు ఆలోచించుకుని ఆగుతంది."

బండి కిందికి వంగి చూస్తే సగం సమాధానం అక్కడే కనిపించింది. 265/75 ఆర్16 సైజు, ఎల్‌టీ (లైట్ ట్రక్, అంటే బరువు మోయడానికి గట్టిగా కట్టిన) రకం, పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలున్న ఏటీ టైర్లు. అంతకు నాలుగు నెలల ముందు వేరే చోట వేయించారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు టైరు లోపలి ప్లాస్టిక్‌కి రాసుకుంటోంది, అక్కడ నున్నగా మెరుస్తున్న గీత పడింది. గాలి చూస్తే నాలుగింటిలోనూ 45 పీఎస్‌ఐ. స్టెప్నీ మాత్రం పాత 245/70.

"పెద్ద టైర్లు ఎందుకు వేయించావు తమ్ముడూ?" అని అడిగాను.

"కిందటి వానాకాలం బురదలో రెండుసార్లు ఇరుక్కుపోయాను అన్నా. ట్రాక్టరు పెట్టి లాగించాల్సి వచ్చింది. కంపెనీ టైర్లు రోడ్డుకే గానీ కొండకి పనికిరావన్నారు."

పాత టైర్లు ఎంత అరిగాయో అడిగాను. ఆయనకి తెలీదు. అదృష్టం కొద్దీ స్టెప్నీ కాక పాత టైరు ఇంకొకటి వాళ్ళ గోడౌన్‌లో ఉంటే తెప్పించి గేజీ పెట్టాను. కాలవల లోతు మధ్యలో 2 మిల్లీమీటర్లు, అంచుల్లో ఇంకా తక్కువ. చట్టం ఒప్పుకునే ఆఖరి గీత 1.6 మిల్లీమీటర్లు. అంటే ఆ వానాకాలం బురదలో ఇరుక్కున్నది గుండు టైరు. ఆయన పోల్చి చూసుకున్నది గుండయిపోయిన హెచ్‌టీని కొత్త ఏటీతో. అలా పోలిస్తే ఎప్పుడైనా కొత్తదే గెలుస్తుంది.

పెద్ద టైరు ఏం చేసింది

ఇక్కడ కాస్త లెక్క అవసరం. 245/70 ఆర్16 టైరు నిలువు కొలత సుమారు 749 మిల్లీమీటర్లు. 265/75 ఆర్16 సుమారు 804. ఏడు శాతం పైనే తేడా. దీనివల్ల జరిగేవి యజమానికి ఒక్కొక్కటిగా చూపించాను.

స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి నిజంగా 64 మీద ఉంటుంది. అదే గేరులో, అదే ఇంజిన్ తిరుగుడుకి బండి ఏడు శాతం ఎక్కువ వేగంతో దిగుతుంది. అంటే ఘాట్‌లో ఇంజిన్ బ్రేకింగ్, అదే గేరులో ఉన్న ఇంజిన్ బండిని పట్టి ఉంచడం, ఆ మేరకు తగ్గినట్టే. బ్రేకు చక్రాన్ని పట్టే బలం మారదు కానీ, చక్రం పెద్దదైంది కాబట్టి నేల దగ్గర అందే బలం కూడా అంతే తగ్గుతుంది. పైగా టైరు ఒక్కొక్కటి పాతదానికంటే ఆరేడు కిలోలు ఎక్కువ బరువు. ఇన్ని ఒకేసారి బ్రేకు మీద పడితే, ప్యాడ్లు మార్చి ఏం లాభం?

మైలేజీ గురించి ఆయన పెద్ద ఫిర్యాదే చేశాడు. 13 వచ్చేది 10.8కి పడిపోయిందని. అందులో కొంత నిజం కాదు. చక్రం పెద్దదైతే ఓడోమీటరు తిరిగిన దూరాన్ని తక్కువగా లెక్కపెడుతుంది. ఆ ఏడు శాతం కలిపితే అసలు మైలేజీ 11.6 దగ్గర ఉంది. నష్టం ఉంది గానీ, ఆయన అనుకున్నంత లేదు. ఇలాంటివి కస్టమరుకి అనుకూలంగా ఉన్నా, ప్రతికూలంగా ఉన్నా సరిచేసి చెప్పాలి. లేకపోతే తర్వాత వేసే టైరుకి రాని మంచిపేరు వచ్చేస్తుంది.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది తడి తారు మీద పట్టు. మా షాపుకి దగ్గర్లో ఇళ్ళు ఇంకా కట్టని ఒక లేఅవుట్ ఉంది. వాన వెలిసిన వెంటనే ఖాళీ బండితో అక్కడికి వెళ్ళాం. స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది కాబట్టి ఫోనులో జీపీఎస్ పెట్టి, సరిగ్గా 60 మీద బ్రేకు తొక్కించి, సున్నంతో గీసుకున్న గీత నుంచి టేపుతో కొలిచాం. మూడుసార్లు చేస్తే సగటు 27 మీటర్లు. గాలి 45 నుంచి 36కి దించి మళ్ళీ చేశాం. 25 మీటర్లు. అంటే ఆ జారుడులో రెండు మీటర్లు కేవలం గాలి ఎక్కువవడం వల్ల. టైరు ఉబ్బి మధ్యభాగం మాత్రమే నేలకి ఆనుతోంది. మిగతాది టైరుది: దిమ్మల మధ్య ఖాళీ ఎక్కువ, రబ్బరు రాళ్ళకి తట్టుకునేలా గట్టిది, నీటిని చీల్చే సన్నటి కోతలు తక్కువ.

ఆ 45 ఎవరు పెట్టారని అడిగితే, ఎల్‌టీ టైరుకి ఎక్కువ గాలి కావాలని చెప్పారట. చెప్పిన మాట తప్పు కాదు. మామూలు టైరు మోసే బరువునే మోయాలంటే ఎల్‌టీ టైరుకి గాలి ఎక్కువ పట్టాలి. కానీ ఎంత ఎక్కువ అన్నది బండి మీదున్న బరువుని బట్టి తేలాలి. ఖాళీ పికప్ వెనక భాగం తేలిక. ఆ గాలితో ఎగిరెగిరి పడుతుంది.

ఇంకో చిన్న విషయం, కానీ దీన్ని వదిలేయలేను. స్టెప్నీ పాత సైజుది. ఘాట్‌లో పంక్చరై వెనక ఒకవైపు దాన్ని వేస్తే రెండు చక్రాలకి ఏడు శాతం తేడా, డిఫరెన్షియల్ (రెండు చక్రాలనీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల పెట్టె) ఆగకుండా తిరుగుతూ వేడెక్కుతుంది. ఆ స్థితిలో ఫోర్ వీల్ వేస్తే ట్రాన్స్‌ఫర్ కేసు, అంటే ముందు వెనక చక్రాలకి బలాన్ని పంచే గేర్ల పెట్టె మీద ఇంకా భారం. పెద్ద టైర్లు వేయించుకునేవాళ్ళలో ఐదోది కొనేవాళ్ళు చాలా తక్కువ. కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది కాబట్టి ఆ మాట కూడా చెప్పాను.

నా మొదటి నిర్ణయం

పెద్ద టైర్లు తీసేయాలన్న దాంట్లో నాకు సందేహం లేదు. వాటి బదులు ఏది? నేను అడిగిన ప్రశ్న ఇది: "మట్టి రోడ్డు ఎంత ఉంటుంది?"

"ఊరికి ముందు మూడు కిలోమీటర్లు అన్నా. మిగతాదంతా రోడ్డే."

పోను రాను దాదాపు 140 కిలోమీటర్లు. అందులో మట్టి ఆరు. 95 శాతం పైగా తారు. ఈ లెక్క చూసుకుని కంపెనీ సైజులో మంచి హెచ్‌టీ టైర్లు వేశాను. తడిలో పట్టుకి బాగుంటాయి, చప్పుడు ఉండదు, మైలేజీ తిరిగి వస్తుంది. ఆ మూడు కిలోమీటర్ల బురదకి ఫోర్ వీల్ ఉంది కదా అనుకున్నాను. అదే లేఅవుట్‌లో మళ్ళీ వాన పడిన రోజు కొలిస్తే 21 మీటర్లకి ఆగింది. ఆరు మీటర్ల తేడా అంటే ఒక పికప్ పొడవు కంటే ఎక్కువ. మైలేజీ 12.8కి వచ్చింది. డ్రైవరు ఫోన్ చేసి బండి మళ్ళీ చేతిలో ఉందన్నాడు. కేసు ముగిసిందనుకున్నాను.

ఎక్కడ తప్పింది

సెప్టెంబరులో మొదటి టైరు కోసుకుపోయి వచ్చింది. వెనక ఎడమది, సైడ్‌వాల్‌లో, అంటే టైరు పక్క గోడలో, మూడు అంగుళాల కోత. చూపుడువేలు పెట్టి అంచు విడదీస్తే లోపలి దారాలు తెల్లగా కనిపించాయి. కొన్ని తెగి కొసలు పైకి లేచి ఉన్నాయి. సైడ్‌వాల్‌కి ప్యాచ్ వేయకూడదు. బండి కదిలే ప్రతిసారీ వంగి లేచే భాగం అది, ప్యాచ్ అక్కడ నిలవదు. కొత్తది ఒకటి ఇచ్చాను. అదేదో ఒక్కసారి జరిగిందిలే అనుకున్నాను.

అక్టోబరు రెండో వారంలో రెండోది. ఈసారీ వెనకదే, ఈసారీ సైడ్‌వాలే. అదే నెలలో లోడుతో ఊరి నుంచి బయటికి వచ్చే ఏటవాలులో ఇరుక్కుని, సరుకంతా దించి మోసుకొచ్చి, ఖాళీ బండిని పైకి ఎక్కించి మళ్ళీ ఎక్కించుకున్నారు. సాయంత్రం నాలుగింటికి మొదలైన పని రాత్రి తొమ్మిదయిందట. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకే ఇంకా బాధనిపించింది.

మిగిలిన మూడు టైర్లు విప్పించి కింద పరిచాను. స్క్రూడ్రైవరుతో ఒక టైరు కాలవల్లో ఇరుక్కున్న రాళ్ళు తీస్తే పదకొండు వచ్చాయి. అన్నీ నల్లరాయి ముక్కలే, అన్నిటికీ పదునైన అంచులే. దిమ్మల అంచుల్లో గోటితో గిల్లినట్టు చిన్న చిన్న ముక్కలు ఎగిరిపోయి ఉన్నాయి. మట్టి దారిలో తిరిగిన టైరు ఇలా ఉండదు. తారు మీద తిరిగిందీ ఇలా ఉండదు.

"ఈ రాళ్ళు ఎక్కడివి?"

"రోడ్డు మీదవే అన్నా. పని జరుగుతోంది కదా, తవ్వి రాళ్ళు పోసి వదిలేశారు."

"మట్టి రోడ్డు మూడు కిలోమీటర్లే అన్నావు?"

"అవునన్నా, అది మట్టి కాదుగా. రోడ్డే."

ఆయన అబద్ధం చెప్పలేదు. నేను అడిగిన ప్రశ్నలో ఆ రాళ్ళకి చోటే లేదు. మట్టా, తారా అని అడిగితే, పగలగొట్టిన రాళ్ళు పోసిన తొమ్మిది కిలోమీటర్లు 'రోడ్డు' ఖాతాలో చేరిపోయాయి. నేను దాన్ని తారని రాసుకున్నాను. రోజూ వంద బళ్ళ టైర్లు చూసే నేను, ఆ దారిలో ఏం జరుగుతోందో తెలిసి కూడా, అడగవలసినది అడగలేదు.

నాలుగు వారాల నోటుబుక్కు

ఈసారి ఏదీ అమ్మను అని చెప్పాను. డ్రైవరుకి బడి పిల్లల రూళ్ళ నోటుబుక్కు ఒకటి ఇచ్చి, నాలుగు గళ్ళు గీసిచ్చాను. మైదానం తారు, ఘాట్ తారు, పగిలిన రాళ్ళు, మట్టి. ప్రతి ముక్క మొదట్లో, చివర్లో ఓడోమీటరు చూసి రాయాలి. పక్కన బండి ఖాళీగా ఉందా, లోడుతో ఉందా. ఇంకా పక్కన, ఎక్కడైనా జారినా, ఇరుక్కున్నా, రాయి తగిలినా ఒక గుర్తు.

డ్రైవరు చాలా శ్రద్ధగా రాశాడు. నాలుగు వారాల్లో పదిహేను ట్రిప్పులు, 2150 కిలోమీటర్లు. మైదానం తారు 1180, ఘాట్ తారు 610, పగిలిన రాళ్ళు 270, మట్టి 90. అంటే మట్టి నాలుగు శాతమే, కానీ రాళ్ళు పన్నెండు శాతం పైన. గుర్తులు చూస్తే బొమ్మ ఇంకా స్పష్టమైంది. రాయి గట్టిగా తగిలిన ఏడుసార్లలో ఆరుసార్లు బండి లోడుతో ఉంది. బురదలో జారిన గుర్తులన్నీ ఒకే చోట: ఊరి నుంచి పైకెక్కే ఏటవాలులో రెండు మలుపులు. మూడు కిలోమీటర్ల దారిలో అసలు బాధ పెట్టేది నూట యాభై అడుగులు కూడా లేదు.

లోడు కూడా తూచాం. కాటా మీద వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి తూస్తే 1540 కిలోలు, అంటే టైరుకి 770. టైరు సామర్థ్యానికి చాలా లోపలే. టైర్లు ఓవర్‌లోడు వల్ల పోవడం లేదని తేలింది. గాలి సంగతి అడిగితే, ఖాళీ అయినా లోడైనా ఒకటే 41 పెట్టి తిప్పుతున్నారు. బండి తలుపు దగ్గర స్టిక్కరు మీద 41 ఉన్నది వెనక టైర్లకి, పూర్తి లోడుకి మాత్రమే.

ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నప్పుడు నేను అడిగిన ప్రశ్న మారింది. ఏ దారి ఎన్ని కిలోమీటర్లు అని కాకుండా, ఏ దారిలో టైరు పట్టు తప్పితే ఏం పోతుంది అని. బురదలో పట్టు తప్పితే నాలుగైదు గంటలు పోతాయి. రాళ్ళ మీద టైరు తెగితే పది, పన్నెండు వేలు పోతాయి, ఒక రోజు పోతుంది. తడి ఘాట్‌లో లోడుతో దిగేటప్పుడు పట్టు తప్పితే మనిషి పోతాడు. ఈ మూడింటికీ సమానంగా మార్కులు వేసి సగటు తీయకూడదు. ముందు తడి తారు మీద పాసవ్వాలి. పాసైన వాటిలో రాళ్ళకి ఏది తట్టుకుంటుందో చూడాలి. బురద సంగతి ఆఖర్న.

ఇలా వరుస పెట్టుకున్నాక మూడు మార్గాలు మిగిలాయి. హెచ్‌టీతోనే కొనసాగి, తెగినప్పుడల్లా ఒకటి మార్చుకోవడం మొదటిది. నాలుగు నెలల్లో రెండు తెగాయి కాబట్టి డబ్బు కంటే, ఫోర్ వీల్ బండిలో కొత్తా పాతా కలిసిపోవడం పెద్ద సమస్య. నాలుగు టైర్ల అరుగుదల దగ్గర దగ్గరగా లేకపోతే ఫోర్ వీల్ వేసినప్పుడు లోపలి గేర్లు పెనుగులాడతాయి. రెండోది, కంపెనీ సైజులోనే ఎల్‌టీ ఏటీ. సైడ్‌వాల్ దృఢంగా ఉంటుంది, రాళ్ళకి అదే మొనగాడు. దీనివైపు మనసు బాగా లాగింది. కానీ బండి సగం దూరం ఖాళీగా తిరుగుతుంది, ఆ గట్టి టైరు ఖాళీ బండి వెనక భాగాన్ని తడి వంపుల్లో కుదురుగా ఉండనివ్వదు. మొదటి పరీక్షలోనే నాకు అనుమానం. మూడోది, కంపెనీ సైజులో, మామూలు లోడు రకంలో, మెత్తటి స్వభావమున్న ఏటీ. మధ్య దిమ్మలు దగ్గర దగ్గరగా ఉండి, ప్రతి దిమ్మలో సన్నటి కోతలు లోతుగా ఉండాలి. భుజం మీద రబ్బరు పట్టీలు సైడ్‌వాల్ వైపు కొంత దిగి ఉండాలి. ట్రెడ్ (నేలకి ఆనే భాగం) లోతు పదిన్నర మిల్లీమీటర్లు.

ఏటీ అని రాసి ఉన్న టైర్లన్నీ ఒక్కటి కావు. కొన్ని పేరుకి ఏటీ, నడకకి బురద టైరుకి తమ్ముడు. కొన్ని హెచ్‌టీకి కాస్త గట్టి చర్మం తొడిగినట్టు ఉంటాయి. అందుకే షాపులో ఏ రెండక్షరాలు రాశారో చదవమని నేను చెప్పను. దిమ్మల మధ్య వేలు పెట్టి చూడమంటాను. ఒక్కో దిమ్మలో సన్నటి కోతలు ఎన్ని, అవి పైపైనే ఉన్నాయా, అడుగు దాకా దిగాయా అని. పైపైనే ఉంటే పది వేల కిలోమీటర్లకి మాయమై, తడిలో పట్టు సగంలోనే పోతుంది.

పని చేసింది

మూడోదే వేశాం, 2023 నవంబరులో, ఐదు టైర్లు. స్టెప్నీ కూడా అదే. లేఅవుట్‌లో రోడ్డుకి ట్యాంకరుతో నీళ్ళు కొట్టించి కొలిస్తే 23 మీటర్లు. హెచ్‌టీ కంటే రెండు మీటర్లు ఎక్కువ. ఈ రెండు మీటర్లు ఇచ్చి రాళ్ళ దగ్గర భద్రత కొంటున్నామని యజమానికీ డ్రైవరుకీ ఇద్దరికీ చెప్పాను. ఘాట్‌లో ముందు బండికి ఇంకాస్త దూరం పాటించమని డ్రైవరుని ఒప్పించాను.

టైరు మార్చడం పనిలో ఒక ముక్కే. గాలికి కొత్త పద్ధతి పెట్టాం. ఖాళీగా ఎక్కేటప్పుడు నాలుగింటిలోనూ 33. లోడు పడ్డాక వెనక 40. దీనికోసం బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ కొనిపించాను. ఊరి ఏటవాలు ముందు నాలుగు టైర్లనీ 24కి దించి, ఫోర్ లోలో (ఫోర్ వీల్‌లో వేగం తగ్గించి బలం పెంచే అమరిక) రెండో గేరు వేసి, ఆక్సిలరేటరు ఊపకుండా నడిచే వేగంతో ఎక్కాలి. గాలి తగ్గితే టైరు పొడవుగా పరుచుకుని మట్టిని పట్టుకుంటుంది. మొదటిసారి నేనూ వెళ్ళాను. 40తో ప్రయత్నిస్తే రెండో మలుపులో చక్రాలు తిరిగి, దిమ్మల మధ్య ఎర్రమట్టి నిండిపోయి, టైరు బూరె పిండిలో ముంచి తీసినట్టు నున్నగా అయిపోయింది. అదే టైరు, అదే మట్టి, 24కి దించాక ఆగి ఆగి పైకెక్కేసింది. డ్రైవరు మొహంలో వచ్చిన వెలుగు చూసి నాకు చాలా సంతోషమనిపించింది. పైకెక్కగానే, రాళ్ళ ముక్క రాకముందే, మళ్ళీ గాలి నింపాలి. ఇది తప్పదు. తక్కువ గాలితో లోడు బండి రాళ్ళ మీదికి వెళ్తే సైడ్‌వాల్ పక్కకి ఉబ్బి కోతకి ఎదురెళ్తుంది. టైరుకి ఐదారు నిమిషాలు. మొత్తం అరగంట లోపు.

ఆ అరగంట రోజూ కష్టమని యజమానే ఒక మార్గం ఆలోచించాడు. ఊరివాళ్ళతో మాట్లాడి, ఆ రెండు మలుపుల్లో రెండు ట్రాక్టర్ల కంకర పోయించి చదును చేయించాడు. అయిన ఖర్చు ఒక టైరు ధర కంటే కొంచెం ఎక్కువ. ఆ తర్వాత పెద్ద వాన పడిన రోజుల్లో తప్ప గాలి దించే అవసరం రాలేదు. ఊళ్ళోకి వచ్చే ఆటోలకీ, అంబులెన్స్‌కీ కూడా దారి మెరుగైంది. రెండేళ్ళుగా టైర్లతో పోరాడిన చోటు నూట యాభై అడుగుల నేల అని ఆ నోటుబుక్కు చూపించకపోతే ఈ ఆలోచన వచ్చేది కాదు.

పద్నాలుగు నెలల తర్వాత

2025 జనవరికి ఈ సెట్టు మీద 31,000 కిలోమీటర్లు. ఎనిమిది వేలకోసారి ఐదు టైర్లనీ ఒకదాని చోట ఒకటి వేసి వరుస మార్చాం, ప్రతిసారీ అలైన్‌మెంట్ చూశాం. సైడ్‌వాల్ ఒక్కటీ తెగలేదు. ట్రెడ్‌లో మేకు దిగి ఒక పంక్చర్, అది ప్యాచ్‌తో సరిపోయింది. మైలేజీ 12.3. ట్రెడ్ లోతు పదిన్నర నుంచి 6.4కి వచ్చింది.

లోపాలు ఉన్నాయి. వెనక దిమ్మలు రంపం పళ్ళలా ఒకవైపు ఎక్కువ అరిగాయి. అందువల్ల హైవే మీద అరవై దాటితే సన్నగా మోత వస్తుంది. వరుస మార్చడం ఒకసారి రెండు వేల కిలోమీటర్లు ఆలస్యమైనప్పుడు మొదలైన మోత అది, తర్వాత పూర్తిగా పోలేదు. అంతకంటే ముఖ్యమైనది, తడి లేఅవుట్‌లో మళ్ళీ కొలిస్తే ఇప్పుడు 25 మీటర్లు పడుతోంది. పెద్ద టైర్లకి గాలి సరిచేశాక వచ్చిన అంకె ఇదే. ట్రెడ్ తగ్గే కొద్దీ నీరు బయటికి పోయే దారి తగ్గుతుంది. ఈ బండికి చట్టం చెప్పే 1.6 దాకా ఆగవద్దని, 4 మిల్లీమీటర్ల దగ్గరే మార్చమని చెప్పాను. ఇంకా కొన్ని వేల కిలోమీటర్లు నడిచే టైరుని తీసేయడం వ్యాపారస్థుడికి కష్టంగానే ఉంటుంది. ఆయన ఒప్పుకున్నాడు, ఎందుకంటే టేపు పట్టుకుని కొలిచినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు.

పోయిన నెల ఆయన మళ్ళీ వచ్చినప్పుడు వచ్చే సెట్టు గురించి అడిగాడు. "ఇవే వేసేద్దామా అన్నా?" ఆయన తిరిగే దారిలో రాళ్ళు పోసిన ముక్కలు చాలావాటికి ఇప్పుడు తారు పడింది. ఊరి ఏటవాలులో కంకర గట్టిపడింది. ఏటీ కావాల్సిన కారణాల్లో ఎన్ని మిగిలాయో నాకూ తెలీదు, ఆయనకీ తెలీదు. బల్ల సొరుగులోంచి కొత్త నోటుబుక్కు తీసి, మళ్ళీ నాలుగు గళ్ళు గీసి డ్రైవరు చేతికిచ్చాను. ఈసారి ఆయనే ఐదో గడి గీయమన్నాడు. వాన పడిన రోజుకి వేరే గుర్తు పెట్టుకోవడానికట.